వ్యూఫైండర్ చూపించని ఎనిమిది పాళ్ళు

నా భార్య పోయిన నాలుగో రోజు ఉదయం పురోహితుడు ఫోటో అడిగాడు.

"ఒకటి చూసి పెట్టుకోండి సార్. పన్నెండో రోజుకి కావాలి. కాస్త పెద్దది. ముఖం తెలియాలి."

ఆయనా మాలాగే కేంద్ర ప్రభుత్వోద్యోగి. పక్క మంత్రిత్వ శాఖలో క్లర్కు. పూటసెలవు పెట్టి వచ్చి మంత్రాలు చెప్పి, లంచ్ అయ్యేసరికి మళ్ళీ ఫైళ్ళ ముందు కూర్చునేవాడు. అందుకే ఆయన మాట నోట్ షీటులా ఉండేది. విషయం, కొలత, గడువు.

"దానికేముందండీ," అన్నాను.

నిజంగానే ఏమీ లేదనుకున్నాను. ఢిల్లీ ఆర్.కె. పురంలో మా సెక్టారుకి ఆస్థాన ఫోటోగ్రాఫర్ని నేను. పుట్టినరోజులు, పదవీ విరమణలు, సత్యనారాయణ వ్రతాలు, బదిలీ మీద వెళ్ళేవాళ్ళ టీ పార్టీలు, వాటికి అడ్డుగా నడిచిన కుక్కలు, అన్నీ నేనే తీశాను. నేను తీసిన ఫోటోలు వరసగా పరుచుకుంటూ పోతే మా క్వార్టర్ మెట్ల దగ్గర మొదలుపెట్టి ఇండియా గేటు దాకా వెళ్ళి, అక్కడ ఐస్‌క్రీమ్ తిని, ఇంకో వరస మీద నడుస్తూ ఇంటికి రావచ్చు. ఆ దారిలో రానూపోనూ ఎక్కడా ఆమె లేదని ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఆమెకు వచ్చింది అక్టోబరు నెల జ్వరం. ఐదు రోజులు. ఐదో రోజు ఒక డాక్టరు వచ్చి ప్లేట్‌లెట్ల సంఖ్య చెప్పి, ఆ తర్వాత ఇంకేదో చెప్పాడు. నేను తల ఊపి "ఠీక్ హై" అన్నాను. ఎవరైనా అలాంటప్పుడు ఆ మాట అంటారా. నేను అన్నాను. అప్పటి నుంచి చెవుల్లో దూది కుక్కినట్టుగా ఉంది. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాను, టీలు లెక్క చూసుకున్నాను, చక్కెర లేనివి ఎవరికో గుర్తు పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆల్బమ్‌లు దించాను. పెళ్ళి ఆల్బమ్‌లో ఆమె పాపిడి ఉంది. పెళ్ళికూతురు తల ఎత్తకూడదని వాళ్ళ మేనత్త వెనకనుంచి మెడ మీద చెయ్యి వేసి నొక్కి ఉంచిందట. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పాపిడే, హైవేలాగా తిన్నగా. ఆఫీసు వైద్య కార్డు మీద తపాలా బిళ్ళంత ఫోటో ఒకటుంది. దాని మీద గుండ్రటి సీలు పడి, ముక్కు ఉండాల్సిన చోట రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మా అమ్మాయి మొదటి జీతంతో కొన్న డిజిటల్ కెమెరాలో రెండున్నాయి. ఒకటి పొయ్యి ముందు వీపు. రెండోది, "ఈ నైటీలో వద్దే, దీపావళికి తీద్దువుగాని" అంటూ కెమెరాకి అడ్డం పెట్టిన అరచేయి. అరచేయి మాత్రం అద్భుతంగా వచ్చింది. ఆయుర్దాయపు గీత మణికట్టు దాకా ఉంది.

నేను తీసినవాటిలో ఆమె లేకపోవడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే కెమెరాల సంగతి చెప్పాలి.

నా మొదటి కెమెరా సబ్బు పెట్టెలాంటిది. దానికి లెన్సు ఒకచోట, మనం కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ ఇంకోచోట. ఆ కిటికీనే వ్యూఫైండర్ అంటారు. దూరంగా ఉన్న కుతుబ్ మినార్‌ని తీసినంతకాలం రెండూ ఒకేమాట మీద ఉండేవి. దగ్గరగా ఉన్న మనిషిని తీస్తే కిటికీ చూసింది వేరు, లెన్సు చూసింది వేరు. ఒకసారి మా జాయింట్ సెక్రటరీగారు ఒకాయనకి గోడగడియారం బహూకరిస్తుంటే రెండడుగుల దూరంనుంచి తీశాను. కిటికీలో ఆయన శిరస్సు నిండుగా, పూర్ణచంద్రుడిలా ఉంది. ఫోటోలో మెడ దాకానే ఉన్నాడు. గడియారం స్పష్టంగా వచ్చింది, టైము కూడా చూసుకోవచ్చు. ఆయన్ని టై బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది.

"తల లేకపోతేనేం, సంతకం పెట్టే చెయ్యి వచ్చింది కదా," అంది మా ఆవిడ.

ఆ అవమానంతో చాందినీ చౌక్‌లోని కెమెరా బజారుకి వెళ్ళి, సెకండ్ హ్యాండ్ ఎస్సెల్లార్ కెమెరా తెచ్చాను. ఇటుకరాయంత బరువు. నెల తిరక్కుండా నా మెడ అంగుళం సాగింది. అందులో లెన్సు చూసేదాన్నే లోపలి అద్దం మన కంటికి చూపిస్తుంది. ఇక తలలు తెగవని సెక్టారంతా చాటింపు వేశాను. తీరా వారం తర్వాత దాంతో వచ్చిన పుస్తకం చివరి పేజీ చదివాను.

"ఏవోయ్, ఇందులో కనపడేది వందకి తొంభై రెండు పాళ్ళేనట."

ఆమె కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. "మిగతా ఎనిమిది?"

"చుట్టూ అంచుల్లో ఉంటాయి. ఫిల్ము మీద పడతాయి, మన కంటికి కనపడవు."

"ఫోటో కడిగిస్తే కనపడతాయిగా?"

"కనపడవు. ల్యాబ్‌లో మిషను అంచులు కోసేస్తుంది. ఇంచుమించు ఆ ఎనిమిదే."

"అంటే కెమెరా దాచింది, మిషను కోసింది, మధ్యలో మీరు అంతా సవ్యంగా ఉందనుకున్నారు," అంది ఆమె పళ్ళెం ఊపుతూ. "మీ ఆఫీసులో ఆడిట్ ఇలాగే కదండీ జరిగేది."

రెండు తప్పులు కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి నేనూ ఆ ఎనిమిది సంగతి వదిలేశాను. నాకున్న అసలు సమస్య వేరు. గ్రూప్ ఫోటో అనగానే మా తెలుగువాళ్ళు పొంగిన పాలలా పక్కలకి పొర్లిపోయేవారు. ఎంతవరకు కెమెరాలో పడతారో వాళ్ళకి తెలియదు, నేను అరిస్తే వినపడదు. అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. నేను కెమెరాలోంచి చూస్తుండగా మా ఆవిడ ఎడమవైపు ఒక్కో అడుగే పక్కకి జరుగుతుంది. ఆమె చివరి చీరకుచ్చు కూడా వ్యూఫైండర్‌లోంచి మాయమవగానే "ఆగు" అంటాను. అక్కడే నిలబడిపోతుంది. పొలానికి సరిహద్దు రాయిలాగా. "ఆంటీని దాటి ఎవరూ రాకండి" అని అందరికీ చెప్పేవాణ్ణి. కుడివైపు గోడో తలుపో చూసుకునేవాణ్ణి, ఎడమవైపు మటుకు ఎప్పుడూ ఆమే.

ఊరికే నిలబెట్టడం ఎందుకని జనం ఆమెకు సామాన్లు కూడా అప్పజెప్పేవారు. ఫోటోలో బాగుండవని కళ్ళజోళ్ళు, హ్యాండ్‌బ్యాగులు, స్వెట్టర్లు. ఒక రిటైర్మెంట్‌లో ఆమె చేతుల్లో పదిహేడు బ్యాగులు, నాలుగు శాలువాలు, ఒక ముసలాయన పళ్ళసెట్టు ఉన్నాయి. వాటి మధ్యనుంచి "అందరూ కళ్ళు తెరవండి, ఆయన నొక్కబోతున్నారు" అని కేక వేసేది. అందుకే నేను తీసిన ఫోటోల్లో కళ్ళు మూసుకున్నవాళ్ళు ఉండరు. ఈ విషయంలో నాకు చాలా పేరు వచ్చింది.

రీలుకి ముప్పై ఆరు ఫోటోలు. "ముప్పై ఆరోది నీదే" అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. ముప్పై ఐదు దగ్గరికి రాగానే ఎవరో ఒకరి బావమరిది ఆలస్యంగా వచ్చి, వరసలో దూరి, మళ్ళీ తీయమనేవాడు.

"పోనిద్దురూ. నేనెక్కడికి పోతాను," అనేది.

మా అమ్మాయి గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. దాని మాటలు ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. ఆ సాయంత్రం అది వచ్చి, నేలమీద పరిచిన ఆల్బమ్‌ల మధ్య నా పక్కన కూర్చుంది.

"దొరికిందా డాడీ?"

"చూస్తున్నాను."

కాసేపటికి ఒక ఫోటో మీద వేలు పెట్టింది. మా పాత అండర్ సెక్రటరీగారి పదవీ విరమణ. పదకొండు మంది, మధ్యలో ఆయన మెడలో బంతిపూల దండ.

"ఇదేమిటి, ఈ ఎడమ అంచులో?"

"కర్టెన్."

"గోధుమ రంగు కర్టెనా?"

"గవర్నమెంటు కర్టెన్లన్నీ అదే రంగులో ఉంటాయి."

అది ఫోటోని దీపం దగ్గర పెట్టి చూసింది. "కర్టెన్‌కి బిందీ పెడతారా డాడీ?"

అంచు మీద సగం తెగిన ఎర్ర చుక్క ఉంది. ఆ ఫోటోని నేను కనీసం యాభైసార్లు చూసి ఉంటాను. కర్టెన్ అనుకోవడం అలవాటైపోతే కర్టెనే.

నెగెటివ్‌లు మిఠాయి డబ్బాల్లో ఉన్నాయి. సర్దింది ఆమే. ప్రతి కవరు మీదా ఆమె చేతిరాత ఉంది. పేర్లు కావు, ఆనవాళ్ళు. "రెండో అంతస్తు ఏడుపుగొట్టు పిల్లాడి బర్త్‌డే." "ఉప్మా మాడిన వ్రతం." "మూడు జిలేబీల సార్ రిటైర్మెంట్." చివరిది మనకి కావలసింది. ఆ రోజు ఆయన తనకి డయాబెటిస్ ఉందని అందరికీ చెబుతూనే మూడు తిన్నాడు. నా పెళ్ళాం చూసింది.

మర్నాడు ఉదయం బాల్కనీ తలుపు అద్దానికి నెగెటివ్‌లు ఆనించి, వరసగా చూశాం. నెగెటివ్‌లో అందరికీ జుట్టు తెల్లబడి, పళ్ళు నల్లబడి ఉంటాయి. మా సెక్టారు మొత్తం ఒకేసారి వృద్ధాప్యంలోకి వెళ్ళి పాన్ నమిలినట్టుంటుంది. నేను ఎడమ అంచులు మాత్రమే చూశాను. కిళ్ళీ పళ్ళవాళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు.

ఆమె అక్కడ ఉంది. వ్యూఫైండర్ దాచి, మిషను కోసేసిన ఆ అంచులో. ఒకదాంట్లో మోచెయ్యి. ఒకదాంట్లో కొంగు చివర. ఇంకోదాంట్లో బ్యాగుల పట్టీలు పట్టుకున్న పిడికిలి. మరోదాంట్లో చెప్పు తొడుక్కున్న కాలి బొటనవేలు ఒక్కటే. డబ్బా తర్వాత డబ్బా. ఆడిటర్లాగా కూర్చుని కాగితం మీద రాసుకుంటూ పోయాను: మోచేతులు, భుజాలు, కొంగులు. మధ్యాహ్నానికి ఆమెను ఇంచుమించు మొత్తం కూర్చవచ్చుననిపించింది, ముఖం తప్ప.

ముఖం ఒక్క మూడు జిలేబీల సార్ నెగెటివ్‌లోనే ఉంది.

ఆమె పక్కనుంచి, నుదురు ముందుగా వచ్చేలా, తల లోపలికి వంచింది. నోరు తెరిచి ఉంది. చూపు నా వైపుంది. ఒక చెవి, వెనక జడ ఫిల్ము అంచు అవతల ఉండిపోయాయి. మిగతాదంతా ఉంది. అంత వంగితే నాకెలా కనపడలేదని ఎవరైనా అడుగుతారు. నొక్కినప్పుడు ఆ కెమెరాలో లోపలి అద్దం పైకి లేస్తుంది. అది లేచినంతసేపూ వ్యూఫైండర్ చీకటి. ముందు చూస్తాం, తర్వాత చూస్తాం, ఫోటో పడే క్షణాన్ని మాత్రం ఫోటోగ్రాఫరు చూడడు. ఆమె సరిగ్గా అప్పుడు వంగింది.

"నీతో ఏదో చెబుతోంది," అంది అమ్మాయి.

"కళ్ళు తెరవండనే అయ్యుంటుంది."

"అందరితో కాదు. నీతో."

నాకు గుర్తు లేదు. చాలా ప్రయత్నించాను. ఆ రోజు గుత్తివంకాయ కూర కూడా గుర్తుంది. అందులో ఉప్పు చాలలేదు.

మార్కెట్‌లో నేను ఎప్పుడూ ఫోటోలు కడిగించే ల్యాబ్ ఒక పంజాబీ ఆవిడది. నా వయసే ఉంటుంది. కవర్లు తెచ్చిచ్చేది సాధారణంగా మా ఆవిడే కాబట్టి నన్ను చూసి, "భాభీజీ నహీ ఆయీ?" అంది. రాలేదన్నాను. ఎందుకు రాలేదో అమ్మాయి చెప్పింది. ఆవిడ నా చేతిలోంచి నెగెటివ్ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అంచు చూసి, మిషనులో వేస్తే ఇది మళ్ళీ తెగిపోతుందని చెప్పింది. స్కానర్ మీద పెట్టి కంప్యూటర్ తెర మీద చూపించింది. ముఖం మటుకు పెద్దది చేయమన్నాను. చేసింది. ముందు ముక్కు పోయింది, తర్వాత కళ్ళు పోయాయి, చివరికి తెరనిండా ఎర్ర కందిపప్పు పరిచినట్టు గింజలు మిగిలాయి.

"చాలు," అంది అమ్మాయి. "అమ్మ ఇలా ఉండదు."

"ఇంతకంటే రాదు బేటా," అంది ఆవిడ. "ముఖం చెదరకూడదంటే గ్రూప్ మొత్తం ఉండాలి. మొత్తం ఎంత పెద్దదైతే ఆమె అంత."

ఆ షాపులో వచ్చే అతిపెద్ద సైజు రెండడుగుల వెడల్పు. అది చేయించాం. పదకొండు మంది గుండ్రంగా, ఆరోగ్యంగా, ఒక్కొక్కరూ జానెడు పొడుగున వచ్చారు. ఎడమ అంచున ఆమె ముఖం బొటనవేలి గోరంత వచ్చింది. కళ్ళు తెలుస్తున్నాయి. బొట్టు పూర్తిగా ఉంది.

పదో రోజు పురోహితుడు దాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

"అమ్మగారు ఎక్కడ సార్?"

వేలు పెట్టి చూపించాను.

"దీనికి దండ వేస్తారా?"

"మీరేగా ఫోటో అడిగారు."

"పదకొండు మంది బతికున్నవాళ్ళకి దండేసి, ముందు దీపం పెట్టిస్తారా నా చేత?" ఆయన దగ్గరగా వంగాడు. "కుడివైపునుంచి రెండో ఆయన ఇప్పుడు మా సెక్షన్ ఆఫీసరు సార్. నా సెలవులన్నీ ఆయనే శాంక్షన్ చెయ్యాలి."

"మరేం చేద్దామంటారు?"

"కోసెయ్యండి. అమ్మగారి వరకు ఉంచండి."

కత్తెర తెచ్చాను. స్కేలు పెట్టి గీత కూడా గీశాను. తర్వాత అలా కూర్చున్నాను. నా చేతులు నా మాట వినలేదని చెప్పడం అతిశయోక్తి. అవి ఏ మాటా వినే స్థితిలో లేవు, టేబుల్ మీద ఎవరో మరిచిపోయిన చేతుల్లా ఉన్నాయి. అమ్మాయి వచ్చి కత్తెర తీసేసింది.

"కోయొద్దు. కప్పెయ్యి," అంది. ఆ రెండు ముక్కలూ తెలుగులోనే అంది.

ఫ్రేములు కట్టేవాడి దగ్గర మందపాటి తెల్ల అట్ట ఉంటుంది. ఫోటో మీద దాన్ని పరిచి, కావలసినంత మేర కిటికీలా కోసి, పైన అద్దం బిగిస్తాడు. అందరూ ఆ కిటికీ అట్ట మధ్యలో కోయమంటారు. మేం ఎడమ చివర, అగ్గిపెట్టెలో సగమంత కోయమన్నాం. అతను మూడుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. కోశాక కిటికీ కొలత సరిపోయిందా అని నన్ను చూడమన్నాడు. కిటికీలో ఆమె ఉంది. ఇంకెవరూ లేరు. ఆమె ఉన్నంత మేరా కనపడుతోంది, తగ్గలేదు, మిగల్లేదు. నేను ఆమెకు ఎప్పుడైనా సరిగ్గా ఫ్రేమ్ పెట్టింది అదొక్కసారే. "ఠీక్ హై," అన్నాను.

పన్నెండో రోజు హాల్లో కుర్చీ మీద ఫ్రేమ్ పెట్టి దండ వేశారు. దండ కిటికీకి అడ్డం రాకుండా అమ్మాయి కుడివైపుకి జరిపింది. సెక్టారంతా వచ్చింది. ప్రతివాళ్ళూ ముందు తెల్ల అట్ట మధ్యలో వెతికి, ఆ తర్వాత పక్కకి జరిగి, వంగి, ఆమెను చూసుకున్నారు. పురోహితుడి సెక్షన్ ఆఫీసరు కూడా వచ్చాడు. ఆయన దణ్ణం పెట్టినప్పుడు పురోహితుడు కళ్ళు మూసుకుని మంత్రం కాస్త వేగంగా చదివాడు.

చివర్లో పాత అండర్ సెక్రటరీగారు వచ్చారు. పదవీ విరమణ తర్వాత కొడుకుతో ద్వారకలో ఉంటున్నారు. కర్ర పట్టుకుని ఫ్రేమ్ ముందు నిలబడ్డారు, సరిగ్గా మధ్యలో.

"ఏమయ్యా, గింత పెద్ద ఫ్రేములో గింతంత ఫోటోనా?"

"అంతే దొరికింది సార్."

"దేశం మొత్తానికి ఫోటోలు తీస్తివి కదయ్యా."

"తీశాను సార్."

ఆయన కర్ర చంకన పెట్టుకుని రెండు చేతులూ జోడించారు. ఆయన నమస్కరిస్తున్న చోట, అట్ట వెనక, బంతిపూల దండతో ఆయనే ఉన్నారు. నాకు నవ్వు రావాల్సిన సందర్భం. ఆమె ఉంటే వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వి వచ్చేది. నేను ఆయనకి ప్లాస్టిక్ కుర్చీ లాగి వేశాను.

భోజనంలో బూరెలు వద్దు, షుగరు అన్నారు. ఒకటి వడ్డించాం. తర్వాత ఇంకొకటి. మూడోది ఆయనే అడిగి వేయించుకున్నారు. అమ్మాయి నా వైపు చూసింది. నేను మజ్జిగ తేవడానికి లేచాను.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"గిప్పుడు అడగొద్దు గానీ, మళ్ళ మర్చిపోత. నా రిటైర్మెంట్‌నాడు నువ్వు తీసిన గ్రూప్ ఫోటో, ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. ఇంకోటి ఉంటదా నీ దగ్గర?"

"నెగెటివ్ ఉంది సార్. తీయించి పంపిస్తాను."

"అండ్ల అందరం వచ్చినమా?"

"అందరూ వచ్చారు సార్," అన్నాను.